అప్‌డేట్: మోకాలి నొప్పి పోయింది, బెల్జియం వెళ్లొచ్చాను

సైకిల్ మీద విశాఖ కైలాసగిరి ఎక్కుతుంటే కుడి మోకాలి ముందు భాగం నొప్పి, ఏప్రిల్‌లో బెల్జియం సైక్లింగ్ ట్రిప్ మానుకోవాలా అని అడిగాను కదా. సీటు ఎత్తు చూసుకోమన్నవాళ్లకు థాంక్స్. ఫిజియో కూడా అదే తేల్చారు, సీటు బాగా కిందికి ఉందట. 12 మిల్లీమీటర్లు పెంచి, రెండు వారాలు కొండలెక్కడం మానేసి, భీమిలి వరకు బీచ్ రోడ్డులో తేలిగ్గా తొక్కితే తగ్గిపోయింది. కొత్త బూట్లు, నీక్యాప్ దండగ ఖర్చే.

2025 టూర్ ఆఫ్ ఫ్లాండర్స్‌కు (బెల్జియంలో జరిగే పెద్ద ప్రొఫెషనల్ సైకిల్ రేసు) ముందురోజు, మామూలు జనానికి పెట్టే రైడ్‌లో పాటర్‌బర్గ్ అనే కొండ ఎక్కాను. పొడవు 360 మీటర్లే, కానీ రాళ్లు పరిచిన దారి, ఒకచోట 20 శాతం వాలు. సీటు మీంచి లేస్తే వెనక చక్రం జారుతోంది. సగంలో దిగి నడిచాను (నేనొక్కడినే కాదులెండి). మోకాలు మాత్రం కిక్కురుమనలేదు. మర్నాడు అసలు రేసులో అదే కొండ మీదుగా స్లొవేనియా రేసర్ పొగాచర్ ఒంటరిగా వెళ్లి గెలిచాడు.