హీట్‌లో (ఎదలో) ఉన్న కుక్క అన్నం ముట్టడం లేదు, ఇంటి చిట్కాలు ఏవి పనికొస్తాయి?

మిల్కీ వాళ్ళమ్మ (విజయవాడ):
మా మిల్కీకి మూడేళ్ళు, ల్యాబ్ (లాబ్రడార్). పోయిన హీట్లప్పుడు తిండి దగ్గర ఏ పేచీ లేదు, ఖాళీ గిన్నెని కూడా నాకుతూ వరండా అంతా జరిపేది. ఈసారి బ్లీడింగ్ మొదలైన దగ్గర్నుంచి డ్రై ఫుడ్ వాసన చూసి మొహం తిప్పేస్తోంది, చికెన్ అన్నం పెడితే ముక్కలు ఏరుకుని అన్నం వదిలేస్తోంది, పెరుగన్నం మాత్రం నాలుగుసార్లు నాకి వెళ్ళి గుమ్మం దగ్గర పడుకుంటోంది. హుషారుగానే ఉంది, నీళ్ళు మామూలుగానే తాగుతోంది, వాంతులు విరేచనాలు ఏమీ లేవు. మా అత్తగారు వాము నీళ్ళు పట్టమంటున్నారు, పెట్ షాపతను ఆకలికని ఏదో మూలికల సిరప్ చేతిలో పెట్టాడు, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకావిడ హోమియో చుక్కలు అంటోంది. మీ ఆడకుక్కలకి ఇలా అయినప్పుడు నిజంగా ఏం పనిచేసిందో చెప్పండి ప్లీజ్.

చిన్నూ_వైజాగ్:
టెన్షన్ పడకండి అండీ, బ్లీడింగ్ రోజుల్లో తిండి తగ్గించే కుక్కలు చాలానే ఉంటాయి. బ్లీడింగ్ దశ సుమారు 9 రోజులు, ఆ తర్వాత మగకుక్కని రానిచ్చే దశ ఇంకో 9 రోజులు అంటారు కానీ ఒక్కోటి 3 రోజుల్లోనూ అవ్వచ్చు, 21 రోజులూ సాగచ్చు. మా స్పిట్జ్‌కి ప్రతిసారీ ఇదే తంతు. దానికి పనిచేసేది ఒకటే, మటన్ ఎముకల నీళ్ళు. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి, మసాలా ఏమీ వేయకుండా కుక్కర్లో బాగా ఉడికించి, వడకట్టి, ఎముకలు చెత్తలో పడేసి (ఉడికిన ఎముక కుక్కకి పెట్టకూడదు, సూదుల్లా విరిగి పేగుల్లో గుచ్చుకుంటుంది), నీళ్ళు రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే పైన తెల్లగా కొవ్వు గడ్డకడుతుంది. అది తీసేసి, కింద జెల్లీలా ఉన్నదాన్ని ఒక గరిటె వేడిచేసి, గోరువెచ్చగా డ్రై ఫుడ్ మీద పోయండి. వేడికి వాసన లేస్తుంది, వాసనకే సగం కుక్కలు లొంగిపోతాయి.

వాము మాత్రం వద్దు. మేం పట్టాం, ఆ ఘాటుకి తినే ఆ కాస్తా మానేసింది.

భైరవ్ నాన్న (వరంగల్):
అందరూ ఆడకుక్కల గోలే చెప్తున్నరు, మా మగోడి సంగతి ఎవరికి చెప్పాలె? వీధిలో ఒక్కటి హీట్‌కి వచ్చిందంటే చాలు, వీడు అన్నం ముట్టడు, గేటు దగ్గర నిలబడి రాత్రంతా ఏడుస్తడు. చిత్త కార్తె వచ్చిందంటే మా ఇంట్ల ఎవరికీ నిద్ర ఉండదు. దీనికి ఏ మూలికా పనిచేయలేదు. వీధి చల్లబడితే వాడే తింటడు.

సీతాఫల్‌మండి_ఇండీ:
మాది రివర్స్ కేసు అండీ. మా ఇండీ (దేశవాళీ కుక్క) హీట్ అయిపోయాక మొదలుపెడుతుంది, పెట్టింది పెట్టినట్టు ఊడ్చేసి మళ్ళీ వంటింట్లోకి వచ్చి నిలబడుతుంది. డాక్టర్‌ని అడిగితే హీట్ తర్వాత దాదాపు 2 నెలలు ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ ఎక్కువగా ఉంటుందని, కడుపుతో లేకపోయినా శరీరం కడుపుతో ఉన్నట్టే నడుచుకుంటుందని, ఆకలి అందుకేనని చెప్పారు. ఆ రోజుల్లో అన్నం పెంచను. ఉడికించిన గుమ్మడి, సొరకాయ, బీన్స్ కలిపి గిన్నె నిండుగా కనపడేలా చేస్తాను. గుమ్మడి ఎక్కువైతే విరేచనం పలచబడుతుంది, రెండు మూడు చెంచాలు చాలు.

పాతకాలం_పద్ధతి:
వెల్లుల్లి రెబ్బ నూరి, పసుపు, నెయ్యి కలిపి ముద్ద చేసి పెట్టండి, ఆకలి తన్నుకొస్తుంది. మా తాతగారి కాలం నుంచి మా ఊళ్ళో కుక్కలన్నిటికీ ఇదే. ఏ కుక్కా చావలేదు.

గన్నవరం_వెట్_ఫైనలియర్:
పెద్దాయన్ని నొప్పించాలని కాదు కానీ వెల్లుల్లి, ఉల్లి రెండూ కుక్క రక్తంలో ఎర్రకణాలని పగలగొడతాయి. ఒక రెబ్బకి పెద్ద కుక్క పడిపోదు, అందుకే ఏమీ కాలేదనిపిస్తుంది. రోజూ పెడితే, చిన్న కుక్కకి పెడితే రక్తం తగ్గిపోతుంది, అది తెలిసేసరికి కొన్ని రోజులు పడుతుంది. ఇప్పటికే బ్లీడింగ్ అవుతున్న కుక్కకి అసలు ఎందుకు? ఉల్లి వేసిన కూర, బిర్యానీ మిగిలింది కూడా అంతే. తినడం లేదు కదా అని గుడి ప్రసాదం పెడుతుంటారు, అందులో కిస్‌మిస్ ఉంటే కిడ్నీలకి ప్రమాదం. ఇంకో మాట, కడుపునొప్పేమో పాపం అని మనం నెలసరికి వేసుకునే మాత్ర, జ్వరం మాత్ర సగం విరిచి వేసేవాళ్ళు ఉన్నారు. దయచేసి వద్దు.

పసుపు చిటికెడు వేస్తే నష్టం లేదు, ఆకలికి లాభమూ లేదు. పెరుగు, పలచటి మజ్జిగ బాగానే పడతాయి. కొబ్బరి నీళ్ళు రెండు మూడు చెంచాలు పర్లేదు, కిడ్నీ సమస్య ఉన్నవాటికి వద్దు, పొటాషియం ఎక్కువ.

ఆ మూలికల సిరప్ లేబుల్ ఫోటో పెట్టండి మిల్కీ వాళ్ళమ్మ గారూ. అందులో ఏమున్నాయో, ఎంతెంత ఉన్నాయో రాయకపోతే మూత కూడా తీయకండి.

టెక్సాస్_టఫీ:
ఇక్కడ డల్లాస్‌లో ఇంకా విడ్డూరం. రాస్ప్‌బెర్రీ ఆకు బిళ్ళలు, చేస్ట్‌బెర్రీ చుక్కలు, గంజాయి మొక్క నూనె బిస్కెట్లు, అన్నిటి మీదా 'హార్మోన్ బ్యాలెన్స్' అని రాసి అమ్ముతారు. చేస్ట్‌బెర్రీ గురించి మా వెట్‌ని అడిగితే, మనుషుల్లో అది ప్రొలాక్టిన్ (పాలు ఊరించే హార్మోన్) మీద కొంత పనిచేస్తుందని, కుక్కల్లో ఎంత ఇవ్వాలో చెప్పడానికి సరైన ఆధారం లేదని చెప్పి, డబ్బులు దాచుకో అంది. మా అమ్మ ఫోన్లో అది విని "మన వావిలాకేగా, దడి నిండా ఉంది" అంది. దానికి దగ్గరి చుట్టమే కానీ అదే మొక్క కాదమ్మా, కోసి పెట్టకు అన్నాను. ఇంకోటి, మందు మింగించడానికి పీనట్ బటర్ వాడేవాళ్ళు డబ్బా మీద జైలిటాల్ (చక్కెర బదులు వేసే తీపి పదార్థం) ఉందేమో చూసుకోండి, కుక్కకి అది విషం.

హోమియో_నమ్మకం:
మా డాషండ్‌కి హీట్ అయిన రెండు నెలలకి తిండి మానేసి, పాలు వచ్చి, మా పాప సాక్సులన్నీ కుట్టుమిషన్ కిందకి లాక్కెళ్ళి వాటి చుట్టూ చుట్టుకుని పడుకునేది, దగ్గరికి వెళ్తే గుర్రుమనేది. పల్సటిల్లా అనే హోమియో మందు వేశాం. రెండు మూడు వారాల్లో మామూలైపోయింది. మరి పనిచేసినట్టేగా?

చిన్నూ_వైజాగ్:
అక్కా, ఏమీ వేయకపోయినా చాలావాటికి రెండు మూడు వారాల్లోనే తగ్గిపోతుంది. మాదానికి చుక్కా వేయలేదు, మందూ వేయలేదు, చెప్పులు ఎత్తుకెళ్ళి పిల్లల్లా చూసుకుంది, తర్వాత ఒకరోజు ఆ చెప్పునే కొరికి పారేసింది.

గన్నవరం_వెట్_ఫైనలియర్:
చిన్నూ చెప్పింది నిజం. దాన్ని తప్పుడు గర్భం అంటాం. పాలు వస్తున్నాయని పిండకండి, కాపడం పెట్టకండి, తాకేకొద్దీ ఇంకా ఊరతాయి. కాస్త ఎక్కువ నడిపించండి, బొమ్మలు నెమ్మదిగా దాచేయండి. తనే నాక్కుంటుంటే మెడకి గరాటులా ఉండే కాలర్ వేయండి. మరీ ఎక్కువైతే ప్రొలాక్టిన్ తగ్గించే మందు ఉంది, డాక్టర్ రాస్తారు. ఒక జాగ్రత్త, తినడం లేదు, కక్కుతోంది అని ఇంట్లో ఉన్న డోమ్‌పెరిడోన్ లాంటి వాంతుల మాత్ర వేయకండి, అది ప్రొలాక్టిన్‌ని పెంచుతుంది, పాలు ఇంకా వస్తాయి.

జీఎస్‌డీ_బాబాయ్ (రాజమండ్రి):
చిట్కాల మాట సరే కానీ నాకు ఈ టాపిక్ చూస్తేనే గుండె దడ. మా అన్నయ్యగారింట్లో జర్మన్ షెపర్డ్, హీట్ అయిపోయి నెల దాటింది, అన్నం మానేసింది, అందరూ హీట్ నీరసమే అనుకున్నారు, ఒక క్లినిక్‌లో కూడా ముట్టుకుని చూడకుండానే ఆకలి టానిక్ రాసి పంపేశారు, ఇది చూస్తే బకెట్‌లో మూతి పెట్టి నీళ్ళు తాగుతోంది, ఇంట్లో ఎప్పుడూ పోయని పిల్ల హాల్లో మూత్రం పోస్తోంది, కింద చుక్క చీము లేదు కాబట్టి గర్భసంచి సంగతి ఎవరికీ తట్టలేదు, చివరికి పొట్ట ఉబ్బి లేవలేకపోతే వేరే ఊరు తీసుకెళ్ళి స్కాన్ తీయిస్తే గర్భసంచి నిండా చీము. రాత్రికి రాత్రి ఆపరేషన్. బతికింది, అదృష్టం.

గన్నవరం_వెట్_ఫైనలియర్:
థాంక్స్ బాబాయ్ గారూ, ఇది చెప్పాల్సిన విషయం. దాన్ని పయోమెట్రా అంటారు, ఎక్కువగా హీట్ అయిన 2 నుంచి 8 వారాల మధ్య వస్తుంది. గర్భద్వారం మూసుకుపోతే చీము బయటికి రాదు, అదే ఇంకా డేంజర్. కాబట్టి ఎవరైనా నన్ను అడిగితే ముందు నేను అడిగేది తేదీ. బ్లీడింగ్ రోజుల్లో తిండి తగ్గి హుషారుగా ఉంటే చికెన్ నీళ్ళు, పెరుగన్నం పెట్టి చూడండి. హీట్ అయిపోయి వారాలు గడిచాక తిండి మానేస్తే చిట్కాలు పక్కన పెట్టి ముందు స్కాన్. నీళ్ళ లెక్క కూడా సులువే, పొద్దున గిన్నెలో సీసాతో కొలిచి పోయండి, మర్నాడు మిగిలింది కొలవండి. కిలో బరువుకి రోజుకి 100 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ, అంటే 25 కిలోల ల్యాబ్‌కి రెండున్నర లీటర్లు. అలాగే బాగా తింటూ, బాగా తాగుతూ, ఒళ్ళు మాత్రం చిక్కిపోతుంటే షుగర్ టెస్ట్ చేయించాలి, హీట్ తర్వాత హార్మోన్ల వల్ల కొన్నిటికి అది బయటపడుతుంది.

మిల్కీ వాళ్ళమ్మ (విజయవాడ):
అందరికీ థాంక్స్. మటన్ నీళ్ళు పోశాను, మొదటి పూట సగం, తర్వాత మొత్తం తినేసింది, ఇప్పుడు నీళ్ళు పోయకపోతే గిన్నె వైపు చూసి నా వైపు చూస్తోంది! సిరప్ లేబుల్ మీద 'మూలికా మిశ్రమం' అని తప్ప ఏమీ లేదు, వాడలేదు. నీళ్ళు కొలిచాను, లీటరున్నర కూడా దాటలేదు. హీట్ ఎప్పుడు మొదలైందో క్యాలెండర్ మీద రాశాను. ఇక పిల్లల్ని పెట్టించే ఆలోచన లేదు కాబట్టి ఆపరేషన్ చేయించేద్దాం అనుకుంటున్నాం, ఎప్పుడు మంచిది?

గన్నవరం_వెట్_ఫైనలియర్:
హీట్ అయిపోయాక 2, 3 నెలలు ఆగి, పాలు, బొమ్మల గోల ఏమీ లేనప్పుడు చేయిస్తే మంచిది. తప్పుడు గర్భం మధ్యలో చేస్తే ఆ లక్షణాలు అలాగే సాగుతాయి. మా కాలేజీ ఆసుపత్రి గన్నవరంలోనే, మీకు దగ్గరే, ముందు ఒకసారి చూపించండి.

సీతాఫల్‌మండి_ఇండీ:
ఆపరేషన్ తర్వాత ఆకలి పెరుగుతుంది, ఒంటికి కావాల్సింది మాత్రం తగ్గుతుంది, అది గుర్తు పెట్టుకోండి మిల్కీ వాళ్ళమ్మ గారూ. మా పక్క ఫ్లాట్ ల్యాబ్ ఏడాదిలో బల్లలా తయారైంది. ల్యాబ్‌లకి అసలే తిండి యావ. కప్పు కొలిచి పెట్టండి, ఇంట్లో అందరికీ ముందే చెప్పండి, ముఖ్యంగా అత్తగారికి.