"దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకున్నాడు": సలాని ఇలా అనొచ్చా?

ఈజిప్టు ఫుట్‌బాల్ ఆటగాడు మొహమ్మద్ సలా 2025 ఏప్రిల్‌లో ఇంగ్లండ్ క్లబ్ లివర్‌పూల్‌తో కాంట్రాక్టు ఇంకో రెండేళ్లు, అంటే 2027 దాకా పొడిగించుకున్నాడు. ఆ సీజన్లో లీగ్‌లో 29 గోల్స్, 18 అసిస్టులు (అంటే వేరేవాళ్ల గోల్‌కి అందించిన పాస్‌లు), టైటిల్ కూడా వాళ్లదే. తర్వాతి సీజన్లో ఆ జోరు లేదు, డిసెంబరులో లీడ్స్‌తో 3-3 డ్రా అయిన మ్యాచ్‌లో ఆసాంతం బెంచ్ మీదే కూర్చోబెట్టారు. ఇక మా విజయనగరం కుర్రాళ్లు ఎవరు నోరు తెరిచినా ఒకటే మాట, "దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టేసుకున్నాడ్రా" అని. మొన్న మూడు లాంతర్ల దగ్గర టీ తాగుతుంటే ఒకడు ఫోన్‌లో వీడియో ఆపి మరీ చూపించాడు, సలా ఎదురుగా ఉన్న డిఫెండర్‌ని దాటలేక బంతి వెనక్కి ఇచ్చేస్తున్నాడు, ఆ బొమ్మ మీద వేలు పెట్టి మళ్లీ ఇదే సామెత.

నాకు ఈ వాడకం మింగుడు పడట్లేదు. ఇది ముందుచూపు ఉండాలని చెప్పే సామెత, తిట్టు కాదు. నూనె అయిపోతే దీపం కొండెక్కుతుంది, అందులో ఎవరి తప్పూ లేదు, ఆలోపు పని చూసుకోమంటున్నారు అంతే. 33కి దగ్గరపడిన ఆటగాడు తన ఆట బాగున్నప్పుడు సంతకం పెట్టకపోతే ఇంకెప్పుడు పెడతాడు?

బొబ్బిలి నుంచి ఒకరు:
అర్థం మీరు చెప్పిందే గురువుగారూ, కాదనను. కానీ ఇప్పుడు జనం నోట్లో ఈ సామెత ఎక్కడ వినిపిస్తోందో చూడండి. పదవిలో ఉండగా నాలుగు రాళ్లు వెనకేసుకున్న నాయకుడి గురించి మాట్లాడేటప్పుడే కదా? మీ కుర్రాళ్లు విన్నదీ అదే, వాడిందీ అదే. వాడుక మారాక పాత అర్థం పట్టుకుని తప్పంటే ఎలా?

పలాస నుంచి ఒకరు:
మావైపు అలా లేదండి. జీడిపిక్కల రేటు బాగున్నప్పుడే అప్పు తీర్చేసుకోమని మా నాన్నమ్మ "దీపం ఉండగానే ఇల్లు సక్కబెట్టుకోవాల బావూ" అనేది, అందులో ఎత్తిపొడుపు ఎక్కడుంది? ఆట తగ్గితే తగ్గిందని అనండి, దానికి సామెత ఎందుకు.

బొబ్బిలి వారికి నా జవాబు:
మీరన్న వాడుక నిజమే, అది తప్పని నేను అనను. అయితే ఒకటి చూడండి, పదవి అనే దీపంలో నూనె జనానిది. దాని వెలుగులో తన ఇల్లు చక్కబెట్టుకుంటే మనకి కడుపు మండుతుంది, అందుకే అక్కడ సామెత తిట్టులా పలుకుతుంది. సలాకి ఆ నూనె ఎవరిచ్చారు? కాళ్లూ ఆయనవే, చెమటా ఆయనదే. పైగా తొందరపడి లాక్కున్నది కూడా కాదు, 2024 నవంబరులో సౌతాంప్టన్ మీద రెండు గోల్స్ కొట్టి గెలిపించిన రోజున కూడా క్లబ్ నుంచి ఇంకా ఆఫర్ రాలేదనీ, ఉండటం కంటే వెళ్లిపోయేలాగే ఉందనీ విలేకరులతో చెప్పాడు. అంతవరకూ నాన్చింది క్లబ్బే. చివరికి సంతకం అడిగిందీ వాళ్లే, ఆ ఏడాది కప్పు ఎత్తుకున్నదీ వాళ్లే.

2025-26 సీజన్లో ఆట బాగోలేదని నేనూ ఒప్పుకుంటాను, చూస్తుంటే బాధేసింది కూడా. దానికి "ఊపు తగ్గింది" అంటే చాలు. ఈ సామెత వాడితే మాత్రం ఆయన ముందే తెలిసి మోసం చేశాడన్న నింద వచ్చి పడుతోంది, నా అభ్యంతరమంతా అక్కడే.

పార్వతీపురం, పాలకొండ, టెక్కలి వాళ్లు కూడా చెప్పండి, మీ ఇళ్లల్లో ఈ మాట సలహాగా అంటారా, దెప్పడానికి అంటారా?