రెన్యార్ పద్యంలో "గంగెమ్" ఎలా వచ్చింది?

ఫ్రెంచి ప్రహసనకర్త రెన్యార్, ఇద్దరు మిత్రులు 1681లో యూరప్ ఉత్తరపు కొసన లాప్లాండులో రాసి వదిలొచ్చిన లాటిన్ పద్యం ఉంది కదా: "గల్లియ నోస్ గెనుయిత్, వీదిత్ నోస్ ఆఫ్రిక, గంగెమ్ / హౌసిముస్". ఫ్రాన్సు మమ్మల్ని కన్నది, ఆఫ్రికా చూసింది, గంగ తాగాం. ఆఫ్రికా మాట నిజమే, 1678లో రెన్యార్‌ని సముద్రపు దొంగలు పట్టుకుని అల్జీర్స్‌లో బానిసగా అమ్మారు. ఇండియాకే రాని మనిషికి గంగ ఎక్కడిది?

— ఛందస్సండీ. పాదం చివర రెండక్షరాలు, మొదటిది గురువు కావాలి.

— అంతే అయితే నైలు, "నీలుమ్" కూడా అతుకుతుంది. రోమన్ వ్యంగ్యకవి జువెనాల్ పదో సెటైర్ ఎత్తుగడ చూడండి, పడమటి కొసన గాడెస్ నుంచి గంగ దాకా. రోమన్ కవులకి గంగ లోకపు తూర్పు అంచు. "ఇక భూమి లేక ఇక్కడ ఆగాం" అని పద్యం ముగించేవాడికి ఆ అంచు కావాలి.

— జువెనాల్‌ది "గంగెన్", గ్రీకు ద్వితీయ. ఇక్కడ మకారం. జువెనాల్ చెవిలో మోగుతుంటే నకారం వదులుకుంటాడా?

— నకార మకారాల దగ్గర తేలదు మాస్టారూ. "హౌసిముస్" చూడండి. తోడుకోవడం, తాగడమే కాదు, కళ్లతో జుర్రుకోవడం కూడా ఆ ధాతువుకుంది. వెంటనే "ఓకులిస్", కళ్లతో, అని రానే వచ్చింది.

— మధ్యలో "యూరోపమ్" పక్కన "క్వే", అంటే "మరియు", అడ్డుంది. కళ్లు యూరప్‌కే అన్వయం. అయినా కళ్లతో తాగాలన్నా గంగ దగ్గరికి రావాలిగా!

— పద్యం సరే, నాటకాలు చదవండి. రెన్యార్ నచ్చనివాడు హాస్యనాటకాల మేటి మోలియర్‌ని మెచ్చడానికి తగడన్నాడు వోల్టేర్. 1708 నాటి "సర్వస్వ వారసుడు"లో పనివాడు క్రిస్పాఁ, చావుబతుకుల్లో ఉన్న ముసలి యజమాని వేషం కట్టి నోటరీకి వీలునామా చెబుతాడు, తనకీ కొంత రాయించుకుంటాడు. ముసలాయన తేరుకుని ఇదెప్పుడు రాయించానంటే, "అంతా మీ లెతార్జీ", ఒళ్లెరగకుండా పడున్న ఆ స్థితి వల్లే, అంటారు. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. మోలియర్‌ని తెలుగు చేసిన భమిడిపాటి కామేశ్వరరావు గారి చేతిలో పడితే ఆ సీను ఎలా ఉండేదో!

— "లెతార్జీ"కి మనకేముంది? "మైకం" అంటే తాగాడనుకుంటారు. "మగత" పల్చన.

— "సొమ్మ". సొమ్మసిల్లడంలోది. "అంతా మీ సొమ్మండీ!"

— విడిగా "సొమ్మ" ఇప్పుడెవరంటారు? హాల్లో "సొమ్ము" అనే వినబడుతుంది.

— వీలునామా సీనులో అలా వినబడటమే కావాలండీ.