పక్క మీద కుడివైపు ఒత్తిగిలితే ఇల్లంతా తిరుగుతోంది. ఇది మెడదా, చెవిదా?

జనగామ టీచర్:

అందరికీ నమస్కారం. నాకు 47 ఏళ్ళు. జనగామ దగ్గర ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్తాను. షుగర్, బీపీ లేవు.

నెల కింద ఒకరోజు తెల్లవారుజామున అలారం ఆపుదామని కుడివైపు ఒత్తిగిలాను. అంతే, గోడలు, బీరువా, పైన ఫ్యాను అన్నీ గిర్రున తిరిగాయి. కరెంటు లేక ఫ్యాను అప్పటికే ఆగిపోయి ఉంది. ఆగిన ఫ్యాను తిరుగుతుంటే చూసి ప్రాణం పోతుందేమో అనుకున్నాను. మంచం పట్టె పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. అర నిమిషంలో తిరగడం ఆగింది గానీ, కడుపులో దేవడం మాత్రం పొద్దెక్కేదాకా తగ్గలేదు. రెండుసార్లు వాంతి అయ్యింది.

మా అత్తమ్మ పైత్యం అని జీలకర్ర నీళ్ళు ఇచ్చింది. మా ఆయన భయపడి ఈసీజీ తీయించాడు, బాగానే ఉంది. తర్వాత చూపించుకున్న చోట మెడ ఎక్స్‌రే తీసి ఎముకలు అరిగాయన్నారు. మెడకు పట్టీ పెట్టి, రోజుకు మూడు మాత్రలు రాశారు. 24 రోజులుగా వేసుకుంటున్నాను. పగలంతా మత్తుగా ఉంటోంది. కళ్ళు తిరగడం అలాగే ఉంది.

నేను గమనించింది చెప్తాను. కదలకుండా కూర్చుంటే ఏమీ ఉండదు. కుడివైపు ఒత్తిగిలినా, తల పైకెత్తినా, వంగి లేచినా వస్తుంది. బోర్డు పైభాగంలో రాయడం మానేశాను. కింది సగంలోనే రాస్తుంటే వెనక బెంచీ పిల్లలు లేచి నిలబడి ఎక్కించుకుంటున్నారు. పదో తరగతి పిల్లలు వాళ్ళు, చూస్తే మనసు చివుక్కుమంటోంది. స్కూటీ మానేసి ఆటోలో వెళ్తున్నాను. రాత్రిళ్ళు మూడు దిండ్లు వేసుకుని దాదాపు కూర్చునే నిద్రపోతున్నాను.

చెవి వల్ల కూడా ఇలా అవుతుందని మా హిందీ టీచర్ చెప్పింది. నాకు చెవి నొప్పి లేదు, చీము లేదు, బాగానే వినబడుతుంది. అయినా చెవిదే కావచ్చా? ఇలాంటిది పడ్డవాళ్ళు చెప్పండి.

*

నడక ఫిజియో, హైదరాబాద్:

టీచర్ గారూ, చెవి నొప్పి లేకుండానే లోపలి చెవి ఇలా చేయగలదు. నేను ఫిజియోథెరపిస్టును, తూలుడు ఉన్నవాళ్ళతోనే నా పని. చూడకుండా ఇదే జబ్బు అని తేల్చలేను. కానీ మీరు అర నిమిషంలో ఆగిందన్నారు, ఒకే పక్కకు తిరిగితే వస్తోందన్నారు. ఆ రెండు మాటలూ ఈఎన్‌టీ డాక్టరుకు అలాగే చెప్పండి.

లోపలి చెవిలో సన్నటి కాల్షియం రేణువులు ఒక పొరకు అంటుకుని ఉంటాయి. తల ఎటు వంగిందో మనకు తెలిసేది వాటి వల్లే. వయసు వల్లనో, తలకు దెబ్బ తగిలో, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండానో అవి ఊడి, పక్కనున్న అర్ధచంద్రాకారపు గొట్టాల్లోకి జారతాయి. మీరు ఒత్తిగిలినప్పుడు ఆ రేణువులు దొర్లి గొట్టంలోని ద్రవాన్ని కదిలిస్తాయి. మీరు ఆగినా అది వెంటనే ఆగదు. కళ్ళేమో ఆగామంటాయి, చెవేమో తిరుగుతున్నామంటుంది. ఆ పేచీ వల్లే వాంతి. దీన్ని బీపీపీవీ అంటారు.

మాత్ర ఆ రేణువులను వెనక్కి పంపలేదు. వాటిని తల కదలికతోనే పంపాలి. ముందు డిక్స్-హాల్‌పైక్ పరీక్ష చేస్తారు. మిమ్మల్ని కూర్చోబెట్టి, తల పక్కకు తిప్పి, చప్పున వెల్లకిలా పడుకోబెట్టి కళ్ళు చూస్తారు. కనుగుడ్లు అదిరే తీరును బట్టి ఏ చెవో, ఏ గొట్టమో తెలుస్తుంది. వెనక గొట్టమైతే, తలను వరుసగా తిప్పుతూ రేణువులను వెనక్కి పంపే ఎప్లీ పద్ధతి చేస్తారు. పది నిమిషాల పని. ఒకటి రెండు సార్లకే చాలామందికి తగ్గుతుంది. వీడియోలు చూసి మొదటిసారే ఒంటరిగా చేసుకోకండి. గొట్టం వేరైతే పద్ధతీ వేరు, పైగా మీకు మెడ అరుగుదల ఉందన్నారు, డాక్టరుకు ఆ ఎక్స్‌రే చూపించండి. మాత్రలు ఎప్పుడు ఆపాలో కూడా అడగండి. మత్తు మాత్రలు వారాల తరబడి వాడితే మెదడు సర్దుకోవడం ఆలస్యమవుతుంది. కొన్ని రకాలు నెలలు వాడితే చేతులు వణకడం కూడా చూశాను.

ఇంకొక మాట, ఇది చదివే అందరికీ. కళ్ళు తిరగడంతో పాటు మాట ముద్దగా రావడం, మూతి వంకర పోవడం, ఒకటి రెండుగా కనబడటం, చెయ్యి కాలు పట్టు తప్పడం, నిలబడలేకపోవడం, ఎన్నడూ లేనంత తలనొప్పి ఉంటే చెవి అనుకుని ఇంట్లో ఉండకండి. అది పక్షవాతం కావచ్చు, వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. ఉన్నట్టుండి ఒక చెవి వినబడకపోయినా ఆ రోజే వెళ్ళాలి.

*

గోదారి గట్టు:

అమ్మా, నాది మీలాంటిది కాదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే నాకూ మొదట రెండేళ్ళు మెడ అనే చెప్పారు. రాజమండ్రిలో బట్టల వ్యాపారం నాది. తొమ్మిదేళ్ళుగా ఎడమ చెవికి మెనియర్స్ అనే లోపలి చెవి జబ్బు ఉంది. ముందు చెవి దిమ్మెక్కుతుంది, తర్వాత రైసుమిల్లు పక్కన నిలబడ్డట్టు హోరు, ఆపైన తిరగడం మొదలు. అర నిమిషం కాదు, రెండు మూడు గంటలు. వినికిడి పరీక్షలో మంద్ర స్వరాలు సరిగ్గా వినబడట్లేదని తేలాకే అసలు పేరు బయటపడింది. 1861లో పారిస్‌లో ప్రాస్పర్ మెనియర్ అనే వైద్యుడు ఇది చెవి నుంచి వస్తుందని చెప్పేదాకా అందరూ మెదడు జబ్బే అనుకునేవారట. అందుకే మీరు కూడా వినికిడి పరీక్ష చేయించుకోండి, బాగానే వినబడుతున్నా సరే.

నాకు పనిచేసినవి చెప్తాను. వస్తోందని తెలియగానే ఎక్కడుంటే అక్కడే నేల మీద పడుకుంటాను. కొట్లో అయితే చీరల బేళ్ళ మధ్య. తలుపు గడియ మీద చూపు నిలిపి, కదలను. వాంతి అయ్యాక ఓఆర్‌ఎస్ గుక్కలు గుక్కలుగా తాగుతాను. ఉప్పు తగ్గించమన్నారు. కూరలో తగ్గించడం తేలికే, ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు మానడమే కష్టం. వాటిలో ఎంత ఉప్పుంటుందో మనకు లెక్క ఉండదు. పెళ్ళి భోజనం చేసిన మర్నాడు చాలాసార్లు వచ్చింది, డైరీలో రాసుకున్నాను కాబట్టి తెలిసింది. నిచ్చెన ఎక్కను. గోదాట్లో ఈత మానేశాను. నీళ్ళలో మునిగినప్పుడు వస్తే పైకేదో కిందికేదో తెలియదు. చిన్నప్పటి నుంచి ఈదిన రేవు అది, మానడానికి చాలా బాధపడ్డాను.

*

మాదాపూర్ తమ్ముడు:

అక్కా, నాకు వైరల్ జ్వరం వచ్చిన వారానికి పట్టుకుంది. మూడు రోజులు ఆపకుండా తిరిగింది, బాత్రూముకు పాక్కుంటూ వెళ్ళాను. చెవి నుంచి వెళ్ళే నరం వాచిందన్నారు. వాంతుల మాత్ర మూడు రోజులే ఇచ్చి, నాలుగో రోజు నుంచి నడవమన్నారు. డాబా మీద గోడ పక్కనే తల కుడికి ఎడమకి తిప్పుతూ నడిచేవాడిని, మా అమ్మ పక్కన ఉండేది. సూపర్ మార్కెట్‌లో అరల మధ్య నడిస్తే ఇంకో నెల దాకా ఒళ్ళు తేలిపోయేది. కదిలితే ఎక్కువవుతుందని భయపడి మొదట్లో నేను మంచం దిగలేదు, అందుకే ఆలస్యం అయ్యిందనిపిస్తుంది.

*

జనగామ టీచర్ (ఆరు రోజుల తర్వాత):

హనుమకొండలో ఈఎన్‌టీ డాక్టరమ్మకు చూపించుకున్నాను. మెడ ఎక్స్‌రే చూసి, నిదానంగా ఎడమవైపు పడుకోబెట్టారు, ఏమీ కాలేదు. కుడివైపు పడుకోబెట్టగానే మళ్ళీ అదే గిర్రున తిరగడం. ఆమె చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాను. "కళ్ళు మూయకండి, నన్నే చూడండి, ఆగిపోతుంది" అన్నారు. నా కళ్ళు అదురుతుంటే మా ఆయన తన ఫోన్‌లో తీసి నాకు చూపించాడు. నెల రోజుల్లో మొదటిసారి, నేను చెప్పింది ఎవరికైనా కనబడింది. ఏడుపొచ్చేసింది.

వెంటనే ఎప్లీ చేశారు. తల ఎడమకు తిప్పి కాసేపు, ఒళ్ళంతా ఎడమకు ఒత్తిగిలి ముఖం నేలవైపు పెట్టి కాసేపు, తర్వాత లేపి కూర్చోబెట్టారు. బయటికి వస్తుంటే దూది మీద నడిచినట్టుంది, అది కొన్ని రోజులు ఉంటుందన్నారు. మెడ పట్టీ తీసేయమన్నారు, మాత్రలు రెండు రోజుల్లో ఆపించారు. విటమిన్ డి పరీక్ష రాశారు, తక్కువగా ఉంటే ఇది మళ్ళీ మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువట. గోదారి గట్టు గారూ, వినికిడి పరీక్ష అడిగి మరీ చేయించుకున్నాను, రెండు చెవులూ బాగున్నాయి.

నిన్న బోర్డు పై అంచున తేదీ రాశాను. చెయ్యి వణికింది గానీ ఏమీ తిరగలేదు. రాత్రి మాత్రం ఇంకా కుడివైపు తిరగడానికి ధైర్యం రావట్లేదు. ఫిజియో గారూ, ఇప్పుడు మామూలుగా ఒక దిండుతో పడుకోవచ్చా? శుక్రవారం మళ్ళీ రమ్మన్నారు.

*

నడక ఫిజియో, హైదరాబాద్:

చాలా సంతోషం మేడమ్. మీ డాక్టరమ్మ వద్దనకపోతే పడుకోవచ్చు, ఒక దిండు చాలు. ఈ రాత్రి మీ ఆయన్ని పక్కన ఉండమని, మెల్లగా కుడివైపు తిరిగి చూడండి. వస్తే కళ్ళు తెరిచే ఉంచి అర నిమిషం ఆగండి, ఎన్ని సెకన్లు తిరిగిందో రాసుకుని శుక్రవారం ఆమెకు చెప్పండి. రాకపోతే అదీ చెప్పండి. లేచేటప్పుడు మంచం అంచున కాసేపు కూర్చుని, తర్వాతే కాళ్ళు నేల మీద పెట్టండి.