52 లోంచి 38 తీస్తే 26 అంటున్నారు

ప్రశ్న: మూడో తరగతికి చెబుతున్నాను. 28 మందిలో 11 మంది 26 అనే రాశారు. 2 లోంచి 8 పోదు కాబట్టి 8 లోంచి 2 తీసేశారు. పక్కంకె దగ్గర అప్పు తెచ్చుకోవాలని వారంపాటు చెప్పాను. బోర్డు మీద చేస్తారు, మర్నాడు మళ్లీ 26. చాలా బాధగా ఉంది.

జవాబు: అప్పు మాట కొన్నాళ్లు ఆపండి. చీపురు పుల్లలు పదేసి కట్టించండి. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు ఇచ్చి 38 అడగండి. కట్ట విప్పక తప్పదని వాళ్లే కనిపెట్టాలి. మా తరగతిలో అందుకు రెండు రోజులు పట్టింది. దయచేసి తొందరపెట్టకండి.

మరో జవాబు: కొట్టులో చిల్లర లెక్కించినట్టు పైకి లెక్కించమనండి. 38 నుంచి 40కి 2, అక్కడినుంచి 50కి 10, 52కి ఇంకో 2. మొత్తం 14.

అడిగినవారు: నిన్న పుల్లలు, ఇవాళ చిల్లర ఆట చేయించాను. ఇంకా నలుగురు తడబడుతున్నారు. కానీ ఒక పాప తన పాత జవాబు చూసి, “38కి 26 కలిపితే అరవై దాటుతుంది కదా టీచర్!” అంది. నేను చెప్పలేదు, తనే సరిచూసుకుంది!