గులకరాయి, కంకర: రెండు బండలకు పేర్లు కావాలి

మొన్న ఆదివారం మా మేనకోడలు ఫోన్ చేసింది. డిగ్రీలో జియాలజీ చదువుతోంది. "మామయ్యా, పొద్దస్తమానం ఆ భాషా గ్రూపులోనే ఉంటావుగా. కాంగ్లామరేట్‌నీ బ్రెచియానీ తెలుగులో ఏమంటారో చెప్పు" అంది. రెండూ ముతక రేణువుల అవక్షేప శిలలని మొదలుపెట్టబోతే, "అది పుస్తకంలో ఉంది, మాట చెప్పు" అని ఆపేసింది. నాకు ఒక్క మాటా తట్టలేదు. పరువు పోయింది.

తను పంపిన రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని చూశాను. రెండింటిలోనూ 2 మి.మీ. దాటిన రాళ్ళు, సందుల్లో ఇసుక, అన్నిటినీ పట్టి ఉంచే పాకం. ఆ పాకం సిలికా కావచ్చు, కాల్సైట్ కావచ్చు, ఇనుప తుప్పు కావచ్చు. పల్లీపట్టి ముక్క చూసినట్టే ఉంది. తేడా రాళ్ళ అంచుల్లో ఉంది. కాంగ్లామరేట్‌లో రాళ్ళు నీళ్ళలో దొర్లి దొర్లి నున్నబడ్డాయి. బ్రెచియాలో పగిలినవి పగిలినట్టే ఉన్నాయి, వేలు పెడితే కోసుకునేలా.

అప్పుడు తట్టింది, ఈ తేడాకి మన దగ్గర మాటలు లేకపోవడమేంటి? ఏట్లో ఏరుకునేది గులకరాయి. క్రషర్ నుంచి లారీలో వచ్చేది కంకర. స్లాబు వేసేటప్పుడు మేస్త్రీ "ఇరవై ఎంఎం కంకర తెప్పించండి" అంటాడు గానీ గులకరాళ్ళు అనడు. అచ్చనగాయలు ఆడే పిల్లలు గులకరాళ్ళే ఏరుకుంటారు, కంకరతో ఆడితే అరచేయి గీసుకుపోతుంది. కాబట్టి గులకశిల, కంకరశిల అందామా? మీరేమంటారు?

ఒక సభ్యులు: ఆలోచన బాగుందండీ, సమాసమే బాలేదు. గులక అచ్చతెలుగు, శిల సంస్కృతం. మిశ్రమ సమాసం ఉంది కదా అంటారేమో, చెవికి మాత్రం అతకలేదు. హిందీలో సంగుటికాశ్మ, సంకోణాశ్మ అని పెట్టుకున్నారు. గుటిక అంటే ఉండ, మాత్ర. కోణం తెలిసిందే, అశ్మం అంటే రాయి. గుండ్రటి రాళ్ళదొకటి, కోణాలు తేలినదొకటి. ఎంత చక్కగా కుదిరాయో చూడండి.

నేను: కుదిరాయండీ, కాదనను. కానీ ఫోన్‌లో చదివి వినిపిస్తే మా పిల్ల "మందుల షాపు పేర్లా మామయ్యా?" అంది. రెండూ 'సం'తోనే మొదలవుతాయి, పరీక్షలో తారుమారు కావా?

బనగానపల్లె నుంచి ఒకరు: మా ఊరంటే అందరికీ మామిడిపండే గుర్తొస్తుంది. జియాలజీ వాళ్ళకి మాత్రం కాంగ్లామరేట్ గుర్తొస్తుంది. కర్నూలు రాతి పొరల్లో అన్నిటికన్నా అడుగున ఉండే పొరకి మా ఊరి పేరే పెట్టారు. పూర్వం వజ్రాల కోసం గుంతలు తవ్వింది ఆ పొరలోని గులకరాళ్ళ రాతి కోసమే. వజ్రాలు పుట్టింది అక్కడ కాదు, ఎక్కడి నుంచో గులకలతో పాటు కొట్టుకొచ్చి చిక్కుకున్నాయి. శిల వద్దనుకుంటే గులకబండ అనండి. రెండూ తెలుగే.

నేను: గులకబండ! అన్నా, నోటికి ఎంత హాయిగా ఉందో. అయితే రెండోది కంకరబండ.

ఇంకొకరు, జియాలజీ చదివినవారు: అక్కడ ఆగండి. కంకర్ అనే మాట జియాలజీలో ఇదివరకే ఉంది. హిందీ నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళింది. నల్లరేగడి లాంటి నేలల్లో దొరికే సున్నపు గడ్డల్ని అలా అంటారు. కంకరబండ అంటే మీ మేనకోడలు సున్నపు గడ్డల రాయి అనుకుంటుంది. నా ఓటు పలుకుబండకి. జీడిపప్పు పలుకులు, వక్కపలుకులు అంటాం కదా, ఎప్పుడూ విరిగిన ముక్కలే. ఉడకని అన్నం కూడా పలుకుగా ఉందంటాం. ఆ గరుకు అందులో ఉంది.

నేను: పలుకు వినగానే మనసు అటే లాగిందండీ. కానీ ఒక తిరకాసు ఉంది. క్వార్ట్జ్‌ని పలుగురాయి అంటాం. బనగానపల్లె గులకల్లో పలుగురాళ్ళూ ఉన్నాయి. గులకబండలో పలుగు, పలుకుబండలో పలుకు అంటే పిల్లలకు తల తిరుగుతుంది. కంకరతో చిక్కు జియాలజీ క్లాసులో వస్తే రావచ్చు. ఇల్లు కట్టించిన ఎవరికైనా కంకర అంటే కొట్టిన రాయే. ఇంతకీ బ్రెచియా ఇటలీ మాట. అక్కడ కూడా దాని అర్థం పగిలిన రాళ్ళ కుప్పే. వాళ్ళు వాడుక మాటనే రాతికి పెట్టుకున్నప్పుడు మనకెందుకు మొహమాటం?

జియాలజీ చదివినవారు: సరే, మీ మాటకి బలం చేకూర్చే సంగతి నేనే చెబుతాను. అపోలో యాత్రికులు చంద్రుడి నుంచి తెచ్చిన రాళ్ళలో బ్రెచియాలు బోలెడు. ఉల్కలు పడి పగిలిన ముక్కలు మళ్ళీ అతుక్కున్నవి. రాళ్ళని నున్నగా అరగదీసే ఏరు అక్కడ లేదు. అదే అంగారకుడి మీద, 2012లో క్యూరియాసిటీ రోవర్‌కి గేల్ బిలంలో నున్నటి గులకలతో కాంగ్లామరేట్ కనిపించింది. ఒకప్పుడు అక్కడ ఏరు పారిందని ఆ గులకల నునుపు చూసే చెప్పారు. మీ లెక్కన చంద్రుడి మీద కంకర, అంగారకుడి మీద గులక.

నేను: ఇది ఇప్పుడే మా పిల్లకి ఫార్వర్డ్ చేశాను. గులకబండ, కంకరబండ రెండూ నోట్సులో రాసుకుందట. వెంటనే ఇంకో మెసేజ్: "కొండ దిగి కొంచెం దూరమే దొర్లిన రాళ్ళయితే అంచులు సగమే అరుగుతాయి మామయ్యా. వాటినేమనాలి?"

చెప్పండి మరి.