కౌన్సిల్ హాల్లో సెల్‌ఫోన్లు: తలుపు దగ్గరే పెట్టించాలా?

కొండారెడ్డి బురుజు:
కర్నూలు, కడప, అనంతపురం మూడూ మున్సిపల్ కార్పొరేషన్లే. వాటి సర్వసభ్య సమావేశంలో అంశం చదువుతుండగానే కార్పొరేటర్ల తలలు ఒళ్లో ఫోన్లోకి దిగిపోతే, చివర్లో చెప్పే ‘ఆమోదం’ దేనికి ఆమోదం? 2012లో కర్ణాటక శాసనసభలో సభ నడుస్తుండగా ఇద్దరు మంత్రులు ఫోన్లో అశ్లీల వీడియో చూస్తూ కెమెరాకు దొరికి పదవులు పోగొట్టుకున్నారు. అంత దూరం పోవాల్సిన పనిలేదు. తలుపు దగ్గర అరల పెట్టె, చేతికి నంబరు బిళ్ల. మేయర్ నుంచి అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) దాకా అందరి ఫోన్లూ అందులోకే.

టవర్ క్లాక్:
బిళ్లల లెక్క వేసి చూడన్నా. కర్నూలులో 52 వార్డులు. ఎక్స్ అఫీషియో సభ్యులు (పదవి రీత్యా వచ్చే ఎమ్మెల్యే, ఎంపీల్లాంటివాళ్లు), ఇంజినీరింగ్, టౌన్ ప్లానింగ్, శానిటేషన్ వాళ్లు కలిస్తే 80 ఫోన్లకు తగ్గవు. ఒక్కోటి తీసుకుని బిళ్ల ఇవ్వడానికి 15 సెకన్లనుకున్నా 20 నిమిషాల క్యూ. వాకౌట్ జరిగితే సగం మంది ఒకేసారి పెట్టె మీద పడతారు, ఎవరి ఫోన్ ఎవరు పట్టుకుపోయారో తేల్చడానికి ఇంకో సమావేశం పెట్టుకోవాలి.

దానికన్నా పెద్ద చిక్కు అజెండా. పీడీఎఫ్ వాట్సాప్‌లో వచ్చే రోజులివి. ఫోన్ లాక్కుంటే సభ్యుడు దేన్ని చూసి ప్రశ్న అడగాలి? అందరికీ కాగితం కట్ట ఇచ్చి అప్పుడు నిషేధం మాట ఎత్తండి. ఆ పీడీఎఫ్ కూడా యూనికోడ్ (ఏ ఫోన్లోనైనా చదవడానికీ వెతకడానికీ వీలైన అక్షరాల పద్ధతి) కాని పాత అను ఫాంట్లలో టైపు చేసిందో, స్కాన్ చేసిందో అయితే తన వార్డు పేరు కొట్టి వెతికినా దొరకదు, వేలితో పేజీలు తోసుకుంటూ పోవాల్సిందే. అజెండా వెతుకుతున్నవాణ్ని చూసి బయటివాళ్లు ఫేస్‌బుక్ చూస్తున్నాడంటారు. యూనికోడ్‌లో టైపు చేసిన ఫైలు ఇస్తే సగం ‘తల వంచుకోవడం’ తగ్గుతుంది.

మైక్ సెట్:
సైలెంట్‌లో పెడితే చాలనుకునేవాళ్లకు ఒక మాట. స్పీకర్లో వచ్చే ఆ ‘డిగ్ డిగ్ డిగ్’ మోత రింగ్‌టోన్ వల్ల కాదు. 2జీలో ఫోన్ సెకనుకు 217 సార్లు తునకలు తునకలుగా సిగ్నల్ పంపుతుంది. షీల్డ్ సరిగా లేని మైక్ వైరు దాన్ని ఏరియల్ లాగా పట్టుకుంటుంది. సైలెంట్‌లో ఉన్నా పంపడం ఆగదు, ఫ్లైట్ మోడ్‌లో పెడితేనే ఆగుతుంది. 4జీలో ఈ బాధ బాగా తక్కువ. మైక్ స్టాండు నుంచి రెండడుగులు ఎడంగా ఫోన్ పెట్టించి, బయటి మోతను రద్దు చేసే బ్యాలెన్స్‌డ్ ఎక్స్‌ఎల్‌ఆర్ మైక్ కేబుల్ వేయిస్తే నిషేధంతో పని లేకుండానే మోత పోతుంది.

కొండారెడ్డి బురుజు:
అయితే హాల్లో ఫోన్ సిగ్నల్‌ను అడ్డుకునే జామర్ బిగించండి. క్యూ ఉండదు, బిళ్లలూ ఉండవు.

మైక్ సెట్:
కుదరదు సార్. జామర్లు కేంద్ర కేబినెట్ సచివాలయం విధానం కిందికి వస్తాయి. జైళ్లకూ పరీక్షలకూ కూడా అనుమతి తీసుకోవాలి. అనుమతి లేకుండా పెట్టడం చట్టవిరుద్ధం. పైగా జామర్ గోడ దగ్గర ఆగదు, పక్క సెక్షన్లో పన్ను కట్టడానికి వచ్చినవాడి ఫోన్‌పే కూడా పడుకుంటుంది.

టవర్ క్లాక్:
ఎండాకాలంలో సుంకేసుల బ్యారేజీ నుంచి వచ్చే నీటి లైను ఎక్కడో తెగిందనుకోండి, ఇంజినీరుకు కబురు ఎట్లా? 2009 అక్టోబరు వరద చూసిన ఊరు కర్నూలు. కనీసం కమిషనర్, ఇంజినీరింగ్ విభాగాల డ్యూటీ ఫోన్లు తలుపు బయట ఒక అటెండర్ చేతిలో ఉండాలి, వస్తే చీటీ రాసి లోపలికి పంపాలి.

పెన్నా ఒడ్డు:
మోత, క్యూ అని అసలు విషయం పక్కకు పెడుతున్నారు. టెండరు అంశం చర్చకు వచ్చినప్పుడు ఆ కాంట్రాక్టరే లోపలున్న సభ్యుడికి ‘ఇట్లా అడుగు’ అని మెసేజ్ పెడితే? గ్యాలరీలో కూర్చున్న జనానికి ఆ మాట వినబడదు. అమెరికాలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2017లో శాన్ హోసే నగరం కేసులో తేల్చింది: ప్రజల పని గురించిన మెసేజ్ సొంత ఫోన్లో ఉన్నా అది ప్రజా రికార్డు కావచ్చు, అడిగితే వెతికి ఇవ్వాల్సిందే. మన సమాచార హక్కు చట్టం, 2005 నిర్వచనంలో ఈ-మెయిళ్లూ ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నవీ వస్తాయి. కానీ ఇచ్చేది ప్రభుత్వ సంస్థ ఆధీనంలో ఉన్నదే. కార్పొరేటర్ సొంత వాట్సాప్ కార్పొరేషన్ ఆధీనంలో ఉందా? మన దగ్గర పట్టు దొరకని చోటు అదే. అందుకే డబ్బుతో ముడిపడ్డ అంశాలకైనా ఫోన్ చేతిలో ఉండకూడదు.

దేవుని కడప:
మరి రికార్డింగ్ సంగతేంది? ఫోన్లన్నీ బయట పెట్టిస్తే గొడవ జరిగిన రోజు ఆధారం ఎవరి దగ్గర ఉంటుంది? ఇంగ్లండులో 2014 నియమాలు వచ్చాక స్థానిక కౌన్సిళ్ల బహిరంగ సమావేశాలను జనమే వీడియో తీసుకోవచ్చు. మనమేమో సభ్యుడి చేతిలోదే గుంజుకుందామంటున్నాం.

కొండారెడ్డి బురుజు:
అధికారిక రికార్డింగ్ ఉంటే చాలు కదా.

మైక్ సెట్:
చాలదు. కాన్ఫరెన్స్ మైకుల్లో అధ్యక్షుడి మైకుకు ప్రయారిటీ బటన్ ఉంటుంది. అది నొక్కితే మిగతా మైకులన్నీ మూగబోతాయి. మైకులన్నీ కలిసే మిక్సర్ నుంచి తీసిన రికార్డింగులో సభ్యుడి అసమ్మతి ఉండదు, మేయర్ గొంతే ఉంటుంది. పోడియం దగ్గరికి వచ్చి అరిచిందీ ఎక్కదు. అందుకే పైకప్పు నుంచి విడిగా ఒక మైక్ వేలాడదీసి, ఆ బటన్‌తో సంబంధం లేకుండా వేరే ట్రాకులో ఎక్కించాలి. మోనో 64 కేబీపీఎస్ ఎంపీ3 చాలు, గంటకు 29 ఎంబీ. అరగంటకో ఫైలుగా విరగ్గొట్టాలి. వేవ్ ఫార్మాట్‌లో ఒకటే ఫైలుగా నడిపితే, కరెంటు పోయి రికార్డర్ ఆగినప్పుడు ఫైలు మొదట్లో వివరాలుండే హెడర్ పూర్తిగాక అది చాలాసార్లు తెరుచుకోదు.

దేవుని కడప:
ఇంకోటి. 2024 జులై 1 నుంచి పాత ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం కోర్టులో ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ఇచ్చే సర్టిఫికెట్‌లో హాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) రాయాలి. సమావేశం ముగిసిన వెంటనే ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో ఆ హాష్ తీసి మినిట్స్ పుస్తకంలో రాసి సంతకం పెట్టించండి. తర్వాత ఎవరు కత్తిరించినా తెలిసిపోతుంది. వాట్సాప్‌లో వీడియోగా పంపితే కుదించేస్తుంది, హాష్ మారిపోతుంది. డాక్యుమెంటుగా పంపాలి.

కొండారెడ్డి బురుజు:
సరే, పెట్టె వద్దు. టెండర్లు, లీజులు, బిల్లుల అంశాల వరకు ఫోన్ బల్ల మీద బోర్లా ఉండాలి. దీని మీద మాత్రం నేను తగ్గను.

టవర్ క్లాక్:
బోర్లా పెట్టినా చేతికి వాచీ ఉంది కదన్నా, మెసేజ్ అక్కడే చదువుకుంటారు. నియమంలో ‘సెల్‌ఫోన్’ అని రాయకండి, ‘సందేశం అందుకునే ఏ పరికరమైనా’ అని రాయండి. చెవిలో బ్లూటూత్ కూడా దాని కిందికే వస్తుంది. వినికిడి యంత్రాలను మాత్రం పేరు పెట్టి మినహాయించాలి, లేకుంటే మొదటి రోజే వయసు పైబడిన సభ్యులతో తగువు.